ఓడిన తెల్లారి కూడా నీళ్ళు వదలాలి

మా ఊరు శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ వెళ్ళే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. ఆ ఊరి నల్లాలకు నీళ్ళు వదిలే పని చాలా ఏళ్ళు చేశాను. ఈ మధ్యే మానేశాను. మానేశాను అనడం కంటే మోకాళ్ళు మానిపించాయి అనడం నిజం. ఇప్పుడు ఊరు మున్సిపాలిటీలో కలిసింది. నా స్థానంలో రేణుక అనే అమ్మాయి వచ్చింది. వచ్చిన మొదటి వారం నా దగ్గర కూర్చుని, "అవ్వా, ఏ వాల్వు ఏ గల్లీకో సెప్పు, సాలు. ఇగ గీ పనిల నేర్సుకునేదేమున్నది?" అంది. ఉంది అన్నాను. ఏముందో నోటితో చెప్పబోతే గంటసేపు అటూ ఇటూ తిరిగింది మాట. అందుకే రాస్తున్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మహిళా సంఘం వాళ్ళు సాయంత్రాలు బడి వరండాలో చెప్పేవాళ్ళు. కొత్తగా చదువు వచ్చినవాళ్ళు కనిపించిన గోడనల్లా చదువుతారు. నేను మోటరు డబ్బా మీది హెచ్చరిక చదివాను, కండ్లకోయ కాలేజీ బస్సుల పేర్లు చదివాను, ఆఖరికి ఎలక్షన్ల గోడరాతలు చదివాను. తప్పులుంటే క్షమించి చదవండి.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరికి అర్జీలు పెట్టుకున్నాం లాంటివి రాయను. వాటిలో నేర్చుకోవడానికి ఏమీ లేదు.

పని ఏమిటంటే

తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి బోరు మోటరు వేయాలి. ట్యాంకు నిండాక, వాల్వులు తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీని భుజాన వేసుకుని బయలుదేరాలి. ఒక గల్లీకి తెరిచి ఇంకో గల్లీకి మూయాలి. ఊరు మొత్తానికీ ఒకేసారి వదిలితే ఎవరికీ అందవు కాబట్టి వంతులు ఉంటాయి. కడ్డీ తిప్పడం చేతులకు తొందరగానే అలవాటవుతుంది. వంతులు మాత్రం చేతులతో తేలేవి కావు. పొద్దున ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్ళు, బర్రెలున్నవాళ్ళు, ఇంట్లో బాలింత ఉన్నవాళ్ళు, అందరికీ ముందే కావాలి. ఎవరూ అబద్ధం చెప్పరు. అదే కష్టం.

నా భర్త ఈ పనే చేసేవాడు. ఆయన జ్వరంతో పోయాక ఆడమనిషికి కడ్డీ ఇవ్వడమేంటని పంచాయతీలో నలుగురూ నసిగారు. అప్పుడు వార్డు మెంబరుగా ఉన్న ఎల్లన్న లేచి, "కడ్డీకి ఆడ మొగ ఉంటదా, తిప్పుతే తిరుగుతది" అన్నాడట. అలా ఈ పని నాకు వచ్చింది. ఎల్లన్న పేరు ముందు ముందు ఇంకా వస్తుంది.

నాకు పని నేర్పింది కారోబారు యాదగిరి సార్. కారోబారు అంటే పంచాయతీ లెక్కలు, పనివాళ్ళ సంగతి చూసే ఉద్యోగి. నిజం చెప్పాలంటే ఆయన భయస్తుడు. ఎవరు సర్పంచ్ అయితే వాళ్ళ గొంతుతో మాట్లాడేవాడు. అయినా పని దగ్గర ఆయనంత గురువు నాకు దొరకలేదు.

మొదట్లో నేను వాల్వును ఒక్క ఊపున తిప్పేసేదాన్ని, తొందరగా అయిపోతుంది కదా అని. ఒకరోజు బడి ముందర పైపు అతుకు ఊడి, నీళ్ళు పిల్లల మీదకు చిమ్మాయి. యాదగిరి సార్ తిట్టలేదు. నా అరచేయి పైపు మీద పెట్టించి, తను మెల్లగా వాల్వు తిప్పాడు.

"తెలుస్తుందా? నీళ్ళ ముంగట గాలి ఉంటది. గాలి పోయేదాక ఆగాలె. నువ్వు ఆగకుంటే పైపు ఆగదు."

ఇంకోసారి ఒక ముసలామె నీళ్ళు రావడం లేదని గోల చేస్తుంటే, రోడ్డు మీద నిలబడే, "వాల్వు తెరిచే ఉన్నది అవ్వా" అని జవాబిచ్చాను. సార్ విన్నాడు. "నీళ్ళొస్తలేవన్నోళ్ళ ఇంట్లకు పో. బయట నిలవడి జవాబు సెప్పకు" అన్నాడు. వెళ్ళి చూస్తే, చెత్త రాకుండా ఆమే నల్లా మూతికి కట్టుకున్న గుడ్డ బురదతో బిగుసుకుపోయి ఉంది. విప్పి పిండాను. నీళ్ళు వచ్చాయి. నా మాటా తప్పు కాదు, ఆమె మాటా తప్పు కాదు. లోపలికి వెళితే తప్ప రెండూ కలవవు.

మా ఎల్లన్న

ఊరు ఇంకా పంచాయతీగా ఉన్నప్పుడు జరిగిన ఆఖరు సర్పంచ్ ఎన్నికల సంగతి ఇది. ఎల్లన్న నిలబడ్డాడు. జీడిమెట్లలో ఒక కంపెనీలో చాలాకాలం పనిచేసి, ఊరికి తిరిగొచ్చి వ్యవసాయం చేసుకుంటున్న మనిషి. ఆఫీసులు తెలుసు, మాట నికరం. ఆయన మీద పోటీ శ్రీశైలం. వయసులో చిన్నవాడు. ప్లాట్లు అమ్మించే పని. ఎప్పుడు చూసినా ఫోనులో ఉంటాడు. మా వైపు వాళ్ళం అతన్ని లెక్కలోకి కూడా తీసుకోలేదు.

పంచాయతీలో పని చేసేవాళ్ళు పార్టీ పట్టకూడదు. ఇది రేణుకకు గట్టిగా చెప్తాను. నేను జెండా పట్టలేదు, ఊరేగింపులో నడవలేదు. కానీ నా మనసు ఎటుందో ఊరందరికీ తెలుసు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి గోడరాతలో ఎల్లన్న పేరే ఉంది. ఆ పేరు చదవగలిగిన రోజున, ఆయన గెలిచేసినట్టే అనిపించింది.

ఆయన ఇచ్చిన హామీల్లో పెద్దది కట్టకింది వాడకు కొత్త ట్యాంకు. చెరువుకట్ట దిగువన ఉండే ఆ వాడలో అందరూ చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళు. నీళ్ళు రావడం లేదన్న మాట ఎప్పుడూ అక్కడినుంచే వచ్చేది. పైపు చివర కాబట్టి ఒత్తిడి చాలడం లేదని ఎల్లన్న అనుకున్నాడు. పంచాయతీ అలాగే అనుకుంది. నేనూ అనుకున్నాను. వాడ పక్కనే ఖాళీ జాగా ఉంది, అక్కడ చిన్న ట్యాంకు కట్టిస్తానని ఆయన మైకులో చెప్పాడు.

లెక్కింపు బడిలోనే జరిగింది. చీకటి పడకముందే తేలిపోయింది. శ్రీశైలం గెలిచాడు. గులాలు చల్లుకుంటూ, డప్పులు కొడుతూ ట్రాక్టరు ఊరంతా తిరిగింది. ఎల్లన్న ఇంటి ముందర డప్పు కొంచెం ఎక్కువసేపే మోగింది.

ఆ సాయంత్రం ఎల్లన్న అరుగు మీద మా వాళ్ళందరూ చేరారు. ఓడినచోట ముందు జరిగేది లెక్కలు. వార్డు మెంబర్లకు పడిన ఓట్లను బట్టి ఏ గల్లీ ఎటు వేసిందో అంచనా కట్టారు. కట్టకింది వాడ మొత్తం అటే వేసిందని తేలింది.

"ట్యాంకు కట్టిస్తమన్నా ఎయ్యలేదంటే ఇగ వాళ్ళను ఏమనాలె," అంది ఎల్లన్న భార్య సుగుణమ్మ వదిన.

"పైసలు దిన్నరు," అన్నాడు ఒకాయన.

"మనం పంచలేదా ఏంది," అన్నాడు ఎల్లన్న తమ్ముడు రాములు. తర్వాత రాములు నావైపు తిరిగాడు. "బాలమణక్కా, కడ్డీ నీ చేతులనే ఉన్నది గదా. రేపటి సంది ఆ వాడ వాల్వు కరాబైందనుకో. గెలిచినోడొచ్చి బాగు చేపిచ్చుకుంటడు."

అందరూ నవ్వారు. ఎల్లన్న నవ్వలేదు. వద్దని కూడా అనలేదు.

"పొద్దుగాల సూద్దాం" అని లేచి వచ్చేశాను. దారిపొడుగునా నన్ను తొలిచింది కోపం కాదు. ట్యాంకు ఇస్తానన్నవాణ్ణి వదిలి, ఏమీ ఇస్తానని చెప్పనివాడికి ఎందుకు వేశారు? అరుగు మీద అంత సేపు లెక్కలు కట్టాం. ఎవరు వేయలేదో తేల్చాం గానీ, ఎందుకు వేయలేదో ఒక్కరమూ అడగలేదు. దాని జవాబు మా దగ్గర లేదు. వాళ్ళ దగ్గర ఉంది.

కట్టకింది వాడ

తెల్లారి ఎప్పటిలాగే మోటరు వేశాను. కట్టకింది వాడ వంతు రాగానే వాల్వు తిప్పాను. అది కరాబు కాలేదు. ఆ వాల్వు ఇళ్ళకు చాలా దూరంగా, రోడ్డు మలుపులో ఉంటుంది. తిప్పేసి వెళ్ళిపోవడమే నా అలవాటు. ఆ రోజు మాత్రం పైపు వెంబడి నడుచుకుంటూ వాడలోకి వెళ్ళాను.

సగానికి పైగా ఇళ్ళకు తాళాలు. మూసి ఉన్న నల్లాల వెనక నీళ్ళు నిలబడిపోయాయి. ఒకరిద్దరు నల్లా తెరిచి డ్రమ్ము పెట్టి పోయారు. అవి నిండి దారంతా బురద. ఒత్తిడికి ఏమీ లోటు లేదు. ఎల్లన్న ట్యాంకు కడతానన్న ఖాళీ జాగాలో కర్రలు పాతి, వాటి మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఒక ముసలాయన కూర్చుని వలలో తెగిన కన్నులు కలుపుతున్నాడు.

"ఎవ్వరు లేరు బిడ్డా. అందరు శాపలకు వోయిండ్రు. పగటీలి రా," అన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఆ వాడలో చేపలమ్మే మల్లవ్వ అప్పుడే మేడ్చల్ నుంచి ఆటో దిగి, ఖాళీ చేపల టబ్బు తల మీద పెట్టుకుని వస్తోంది. నన్ను చూడగానే ఆగింది.

"ఏందక్కా, నల్లాలు కోసుకపోనీకొచ్చినవా? వాల్వు కరాబైతదని రాములు అన్నడంట గదా."

మాట నాకంటే ముందే వాడకు చేరింది. "పొద్దుగాల నేనే వదిలిన. సూసుకో పో," అన్నాను.

"సూసుకోనీకి నేనుంటే గద."

"ఒకటడుగుత మల్లవ్వా, కోపం జెయ్యకు. ఓటెవలికేసినవని అడుగుతలేను. ట్యాంకు కట్టిస్తనంటే మీకు ఎందుకు నచ్చలే?"

ఆమె టబ్బు దించింది. మోచేతుల దాకా చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఇంట్లోంచి నడక కొత్తగా వచ్చిన మనవరాలు తడబడుతూ వచ్చి కాళ్ళకు చుట్టుకోబోయింది. మల్లవ్వ రెండు చేతులూ పైకెత్తేసింది. "ఆగు బిడ్డా, ఆగు. అవ్వ నీసు నీసున్నది." పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. మల్లవ్వ చెంబుతో డ్రమ్ము అడుగున గీకి, వచ్చిన కొంచెం నీళ్ళు నాకు చూపించింది.

"గీ చెంబెడు నీళ్ళతోని చేతులు కడుక్కోవాల్నా, టబ్బు కడుక్కోవాల్నా, ఒళ్ళు కడుక్కోవాల్నా? సెప్పు. డ్రమ్ముల ఉన్నయి వంటకు, తాగనీకి అయిపోతయి. శాపలమ్మి వచ్చినంక నీళ్ళు గావాలె మాకు. గప్పుడు మీ పెద్దగల్లీల బర్రెలు కడుగుతుంటరు."

"మరి ఇన్నేండ్లు సెప్పలేదేందే?"

"సెప్పినం. నీళ్ళొస్తలేవని సెప్పినం. మీరొచ్చి పైపు తవ్వి సూసి, మంచిగనే ఉన్నదని పూడ్సి పోయిండ్రు. మళ్ళ సెప్పినం. మళ్ళ తవ్విండ్రు."

"ఎల్లన్న ట్యాంకు కడితే..."

"యాడ కడ్తడు? వలల జాగల. మరి వలలు మీ ఇంట్ల ఆరేద్దునా? ఆ జాగ మాకు ఎందుకో ఒక్కసారన్న అడిగిండా? మైకుల సెప్పిండు. మస్తు సప్పట్లు గొట్టిండ్రు మీవోళ్ళు." ఆమె ఇంటి ముందున్న గద్దె వైపు చూపించింది. "శ్రీశైలం ఏం ఇస్తననలే. కొర్రమీను కొననీకొచ్చి గీడ కూసున్నడు. నల్లా తిప్పి సూసిండు. 'మల్లత్తా, గీ యాళకు నీళ్ళు రావా?' అన్నడు. గంతే. గదొక్కటి అడిగినోడు ఆయనొక్కడే."

నీళ్ళొస్తలేవన్నోళ్ళ ఇంట్లకు పో అని యాదగిరి సార్ చెప్పిన మాట నేను ఇంటింటికీ పాటించాను. ఒక వాడ మొత్తానికి పాటించాలని నాకు తోచలేదు. ఎల్లన్నకూ తోచలేదు. సాయం చేయాలన్న మనసు ఆయనకు నిండా ఉంది. అడిగే అలవాటు ఒక్కటే లేదు.

గెలిచినాయన చేయలేని పని

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. బల్ల మీద పూలదండలు వాడిపోయి ఉన్నాయి. శ్రీశైలం కొత్త కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు వీధిలో చెడ్డీతో తిరిగిన పిల్లవాణ్ణి ఇప్పుడు ఏమని పిలవాలో తోచలేదు. సర్పంచ్ సాబ్ అనడానికి నోరు ఇంకా అలవాటు పడలేదు. అతనే అందుకున్నాడు.

"కడ్డీ ఇచ్చిపోనీకొచ్చినవా పెద్దమ్మా?"

"అడుగుతే ఇస్త. అడగకుంటే ఒక ముచ్చట సెప్త."

"సెప్పు. కడ్డీ నేనేం జేస్కుంట, నాకు తిప్పనీకొస్తదా?"

మల్లవ్వ చెప్పినదంతా చెప్పాను. మధ్యలో ఫోను మోగితే కట్ చేసి విన్నాడు. అది నాకు వింతగా అనిపించింది. విన్నాక గడ్డం గోక్కున్నాడు.

"పగటీలి ట్యాంకు సగమే నిండుతది. ఆ సగం పెద్దగల్లీకి పోతది. పెద్దగల్లీ ఎవలది పెద్దమ్మా?"

"ఎల్లన్నోళ్ళది."

"రేపు నేను వాళ్ళ వంతు బంద్ వెట్టి కట్టకింది వాడకిస్తె ఏమంటరు?"

"ఓట్లేసినోళ్ళకు ఇచ్చిండు, ఎయ్యనోళ్ళకు బంద్ వెట్టిండంటరు."

"ఊకె అనుడే కాదు, ఖాళీ బిందెలు వట్టుకొని గీ వాకిట్ల కూసుంటరు. వాళ్ళ జాగల నేనున్నా కూసుంట." అతను నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను జేస్తే కక్ష అయితది. గదే పని ఎల్లన్న కాక అడుగుతే ఎవ్వడు నోరు తెరువడు. ఆయనతోని గ్రామసభల ఒక్క మాట అనిపియ్యి. నేను జల్దీ తీర్మానం జేస్త."

తప్పించుకోవడానికి అన్నాడా, నిజంగానే అన్నాడా అని చాలాసేపు ఆలోచించాను. రెండూ ఉండొచ్చు. ఎలా అన్నా మాట మాత్రం నిజం. కుర్చీలో కూర్చున్నవాడు చేయలేని పని ఒకటుంది, అది ఓడిపోయినవాడి చేతిలోనే ఉంది. అంతవరకు ఓడినవాళ్ళ చేతిలో ఏమీ మిగలదనే నేను అనుకునేదాన్ని.

తువ్వాల కప్పుకున్న మనిషి

ఎల్లన్న ఇంట్లోంచి బయటకు రావడం మానేశాడు. చాయ్ హోటల్‌కు కూడా వెళ్ళడం లేదు. మా ఊళ్ళల్లో అది రివాజు. ఓడినాయన కొన్నాళ్ళు నలుగురిలోకి రాడు, గెలిచినాయన గల్లీలో అసలే నడవడు, గ్రామసభ మొహం చూడడు. అది మర్యాద అనుకుంటారు. దానివల్ల ఊరికి సగం మెదడు పనిచేయదు. ఇది నా ఉద్దేశం.

విషయం చెబితే ఆయన గోడవైపు తిరిగాడు.

"వాళ్ళకు మన నీళ్ళిచ్చి, వాని పేరు నిలవెట్టాల్నా చెల్లె? నాకు పనిలేదా?"

ఆ రోజు వాదించాను. మర్నాడూ వాదించాను. వాదించిన కొద్దీ ఆయన ఓటమి ఆయనకు గుర్తుకు రావడం తప్ప ప్రయోజనం కనిపించలేదు. సుగుణమ్మ వదిన నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆయన సక్కగ తింటలేడు, నువ్వు రాకు" అంది. ఇక వాదన మానేసి, వెళ్ళే ముందు ఒక్కటే అడిగాను.

"అన్నా, రేపు పగటీలి నాతోని కట్టకిందికి రా. నువ్వేం మాట్లాడకు. ఊకె సూడు."

"నవ్వుతరు."

"నవ్వనీ. రెండు నిముసాలు నవ్వుతరు. ఇంకెంత సేపు నవ్వుతరు?"

వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఎండ లేకపోయినా తల మీద తువ్వాల కప్పుకుని, నా వెనకాల నడిచాడు. మల్లవ్వ గడపలోనే పట్టుకుంది.

"ఎలక్షన్లు అయిపోయినంక గూడ ఒచ్చినవేందన్నా? తొవ్వ తప్పినవా?"

ఎల్లన్న వెళ్ళి గద్దె మీద కూర్చున్నాడు. శ్రీశైలం కూర్చున్న గద్దె అదేనని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. మనవరాలు పరిగెత్తి రావడం, మల్లవ్వ చేతులు పైకెత్తడం, పిల్ల ఏడవడం, మళ్ళీ అన్నీ జరిగాయి. ఆయన చూశాడు. లేచి వెళ్ళి నల్లా తిప్పాడు. గాలి బుస్సుమంది. మూసేశాడు. తర్వాత ఆరేసిన వలల వైపు చూసి అడిగాడు.

"గివి ఎన్ని గంటలు ఆరాలె మల్లవ్వా?"

తెలుసుకోవడం కోసం ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. మల్లవ్వ కూడా ఆశ్చర్యపోయినట్టుంది. వెటకారం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. తడి వల చుట్టి పెడితే ఎట్లా కుళ్ళుతుందో, నీడలో ఎందుకు ఆరదో, చెరువు నిండితే కట్ట మీద జాగా ఎందుకు చాలదో. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

తిరిగి వస్తుంటే సగం దారిలో తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

"నేను గెలిస్తే ఆ జాగల ట్యాంకు కడుదును," అన్నాడు.

"కడుదువు."

"కట్టినంక గూడ నీళ్ళు పొద్దుగాలనే వదులుదుము."

నేను పక్కనే నడిచాను. వాల్వు మెల్లగా తిరుగుతున్నప్పుడు చేయి పెట్టి తొందర చేయకూడదు.

గ్రామసభ

ఆ తర్వాత జరిగిన గ్రామసభకు ఎల్లన్న వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. జనం వెనక్కి తిరిగి తిరిగి చూశారు. నీళ్ళ వంతుల మాట రాగానే లేచాడు.

"పెద్దగల్లీ పగటి నీళ్ళు కట్టకింది వాడకు ఇయ్యాలని నేను అడుగుతున్న."

ఎదురుపక్షం నోరు తెరవలేదు. లేచింది ఎల్లన్న భార్య సుగుణమ్మ వదినే.

"ఓట్లు అటేసి, నీళ్ళు మాయి గుంజుకుంటరా? బర్రెలను నీ తువ్వాలతోని తుడవాల్నా?"

సభంతా నవ్వింది. ఎల్లన్న కూడా కొంచెం నవ్వినట్టే ఉంది.

"బర్రెలను పొద్దుగాల కడుగుదం. అవి బజారుకు పోవు గదా. వాళ్ళు పోతరు," అన్నాడు. రాములు ఏదో అనబోతే చేత్తో ఆపాడు. "ఓట్ల సంగతి ఇడువుండ్రి. గెలిచుంటే ఓట్ల కోసమే అడిగిండంటుంటిరి. ఓడినోన్ని, నాకిప్పుడు వాళ్ళ ఓటు ఏం అక్కెరకొస్తది? అందుకే అడుగుతున్న."

పెద్దగల్లీ ఆడవాళ్ళు చాలాసేపు గొణిగారు. వాళ్ళకు నష్టం నిజమే. అది కూడా రాయాలి. ఎవరి నీళ్ళూ తగ్గకుండా వంతు మార్చడం నాకు ఈ పనిలో ఎప్పుడూ సాధ్యం కాలేదు. ఎల్లన్న శ్రీశైలం వైపు తిరిగాడు.

"నీకొక మాట. బోరుకు పెద్ద మోటరు పెడ్తె పగటీలి గూడ ట్యాంకు నిండుతది, రెండు వాడలకొస్తయి. అది పెట్టేదాక ప్రతి గ్రామసభల లేచి అడుగుత. యాది వెట్టుకో."

"అడుగు కాకా," అన్నాడు శ్రీశైలం. "నువ్వు అడగకుంటే నేను మర్సిపోత."

అడిగాడు. ప్రతిసారీ లేచి అడిగాడు. శ్రీశైలం మర్చిపోబోయిన ప్రతిసారీ అడిగాడు. లేఅవుట్లో పార్కుకు వదిలిన జాగాను శ్రీశైలం ప్లాట్ల కింద అమ్మించడం నాకు ఇప్పటికీ నచ్చదు. దానిమీద కూడా గట్టిగా నిలదీసింది ఎల్లన్నే. మోటరు వచ్చింది. పార్కు సగమే మిగిలింది. ఎల్లన్న మళ్ళీ నిలబడలేదు. కట్టకింది వాడ రెండోసారి ఆయనకు వేసేదో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ఉంది.

మెల్లగా తిప్పు

రేణుకా, నువ్వు రేపు ఎవరికైనా ఓటు వేస్తావు. ఆ మనిషి గెలవొచ్చు, ఓడొచ్చు. ఓడిన తెల్లారి కూడా నీళ్ళు వదలాలి. వదిలాక ఆ నీళ్ళ వెంబడి ఒకసారి చివరిదాకా నడువు. అటు వేసినవాళ్ళను ఎందుకు వేశారని అడుగు. కొట్లాడటానికి కాదు, తెలుసుకోవడానికి. నీకు తెలియనిది వాళ్ళ దగ్గర ఏదో ఉంటుంది, లేకపోతే అటు వేయరు.

వంతు మారిన మొదటి మధ్యాహ్నం సంగతి చెప్పి ఆపుతాను. ఎల్లన్న నాకంటే ముందే వాడ చివర నల్లా దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. నేను రోడ్డు మలుపులో కడ్డీ దింపి, గాలి పోయేంత తీరికగా తిప్పాను. తిప్పి, ఆయన ఉన్న చోటికి నడిచాను. నేను చేరేసరికి నల్లా బుసకొట్టడం ఆగి ధార పడుతోంది. మల్లవ్వ టబ్బు పక్కన పెట్టి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంటోంది.

"గెలిస్తే గింత దూరం నడిసొస్తుంటివా అన్నా?" అంది తల ఎత్తకుండానే.

"ట్యాంకెక్కి సూస్తుంటి," అన్నాడు ఎల్లన్న.

ఇద్దరూ నవ్వారు. లెక్కింపు రోజు తర్వాత ఆయన పైకి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకు ఇంట్లోంచి మనవరాలు బయటకు వచ్చింది. అలవాటు కొద్దీ గడప దగ్గరే ఆగిపోయి అవ్వ చేతుల వైపు చూసింది. మల్లవ్వ చేతులు వాసన చూసుకుని, కొంగుతో తుడుచుకుని, పిల్లను ఎత్తుకుంది.